చుక్కల చిత్రమును గీతల చిత్రముగ మార్చు విద్య

కంప్యూటరులో బొమ్మను నిలువజేయుటకు రెండు పద్ధతులు కలవు. మొదటి పద్ధతిలో బొమ్మ యంతయు సన్నని గళ్ళుగ విభజింపబడి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క వర్ణము సంఖ్యారూపమున లిఖింపబడును. ఈ గడినే పిక్సెల్ అందురు. రెండవ పద్ధతిలో గళ్ళు లేవు, గీతలే కలవు. ఈ గీత యిచట మొదలై, ఈ దిక్కునకు వంగి, అచట ముగియవలెనను ఆదేశమును మాత్రము కంప్యూటరు భద్రపఱచుకొని, మనము చూడగోరినపుడెల్ల దానిని క్రొత్తగ గీసి చూపును. దీనిని వెక్టర్ అందురు. గద్వాల చీర యంచున నెమలిని నేయుటకు ముందు గళ్ళకాగితముపై గడిగడికిని రంగు నింపి నమూనా సిద్ధపఱచు కళాకారుడు చేయునది మొదటి పని; అదే నెమలి మెడను కలము నెత్తకుండ ఒక్క పోకలో లాగు చిత్రకారుడు చేయునది రెండవ పని.

ఈ భేదము బొమ్మను పెంచినపుడుగాని బయటపడదు. వాట్సాప్‌లో వచ్చిన సంస్థాచిహ్న మొకటి అడ్డముగ 600 పిక్సెళ్ళున్నదనుకొందము. సెల్‌ఫోను తెరపై అది నున్నగ, ముచ్చటగ కనబడును. దానినే 10 అడుగుల ఫ్లెక్సీపై అచ్చొత్తించినచో ఒక్కొక్క పిక్సెల్ 5 మిల్లీమీటర్ల వెడల్పునకు పైబడి, వంపు దిరిగిన ప్రతి గీతయు మెట్లవరుసగ మాఱును. ఆ మెట్లను మఱుగుపఱపబోయి సాఫ్ట్‌వేర్ అంచులను మసక గావించుటయు కలదు. వెక్టర్ చిత్రమున కీ యవస్థ లేదు. దానిని గోరంత చేసినను కొండంత చేసినను గీత పదును చెడదు. అంతేకాక, రేడియం స్టిక్కరును కోయు యంత్రమునకును, చెక్కపై అక్షరములు చెక్కు యంత్రమునకును రంగుగళ్ళతో బొత్తిగ పనిలేదు. కత్తి యే త్రోవను పోవలెనో, ఉలి యెచట తిరుగవలెనో వానికి చెప్పవలెను. కావుననే పట్టణములలోని డిజైనింగు దుకాణములకు ఎవరైనను ఫోనులో బొమ్మ తీసికొనిపోగానే, ‘దీని కోరెల్ ఫైలున్నదా?’ అని, అనగా గీతల రూపమున్నదా యని, మొదట నడుగుదురు. లేదన్నచో, ఉన్న గళ్ళనుండియే గీతను రాబట్టు పని యారంభమగును. దీనికే ట్రేసింగు అని పేరు.

గళ్ళ పద్ధతికి మూలపురుషుడు రస్సెల్ కిర్ష్. అమెరికాదేశపు జాతీయ ప్రమాణముల సంస్థలో పనిచేయుచుండిన ఆయన 1957లో, పసివాడైన తన కుమారుని ఛాయాచిత్రమును స్కానరుద్వారా కంప్యూటరులోని కెక్కించెను. అడ్డముగ 176, నిలువుగ 176, మొత్తము 30,976 గళ్ళతో నలుపు తెలుపులు మాత్రమే గల యా బొమ్మయే నేటి కోట్లకొలది డిజిటల్ ఛాయాచిత్రములకు ఆద్యము. దాదాపు ఆ రోజులలోనే ఫ్రాన్సుదేశమున, మోటారుకార్ల కర్మాగారములలో, రెండవ పద్ధతికి వలయు గణితము రూపొందుచుండెను. కారు ఒంటి వంపులను నమూనాలు చెక్కి చూచుకొనుటకు మాఱుగ సంఖ్యలతో నిర్ణయింపవలెనని సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959లో ఒక మార్గమును కనిపెట్టెను; కంపెనీ దానిని రహస్యముగ నుంచెను. రెనో కంపెనీ ఇంజనీరు పియెర్ బెజియే స్వతంత్రముగ అట్టి వక్రములనే సాధించి లోకమునకు ప్రకటించుటచే, అవి బెజియే వక్రములను పేరనే ప్రసిద్ధి కెక్కినవి.

ఆ వక్రము నిర్మాణము మిక్కిలి సుందరమైనది. గీతకు రెండు కొనలు. కొనకొక్కటి చొప్పున, అచ్చులో కనబడని రెండు లాగుబిందువులు. కొనలను నోడ్‌లనియు, లాగుబిందువులను హ్యాండిళ్ళనియు పనివారు వ్యవహరింతురు. హ్యాండిల్ ఏ దిక్కునకు చూచునో గీత ఆ దిక్కుననే బయలుదేఱును; అది యెంత దూరమున నుండునో అంత బలముగ ఆ దిక్కునకు లాగబడును. నాల్గు వక్రములతో, అనగా 4 నోడ్‌లు, 8 హ్యాండిళ్ళతో, చక్కని వృత్తమును కూర్పవచ్చును. హ్యాండిల్ పొడవు వ్యాసార్ధములో 0.5523 వంతుగ నుంచినచో, నిజమైన వృత్తమునకును దీనికిని గల వ్యత్యాసము వ్యాసార్ధములో పదివేలకు 3 వంతుల నైనను దాటదు. 300 పిక్సెళ్ళ వ్యాసముగల నిండు వృత్తమును గళ్ళలో చెప్పవలెనన్నచో 70 వేలకు పైబడిన గళ్ళు వలయును. పన్నెండు బిందువులతో తేలిపోవు పని యిది. అడోబీ సంస్థ 1984లో వెలువరించిన పోస్ట్‌స్క్రిప్టు ఈ వక్రములను అచ్చుయంత్రములలోనికి తెచ్చెను, 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కోరెల్ డ్రా వచ్చి చిత్రకారుల చేతికిచ్చినవి, 2001లో ఎస్.వి.జి. అను సార్వత్రిక రూపము ప్రమాణముగ నంగీకరింపబడెను.

గీతనుండి గళ్ళకు దిగుట కేవలము లెక్క. గళ్ళనుండి గీతకు ఎక్కుట అట్టిది కాదు; అది ఊహ. మెట్లమెట్లుగ కనబడుచున్న ఈ యంచు మొదట వంపుగనే యుండెనా, లేక నిజముగ మెట్లేనా? గళ్ళలో ఈ ప్రశ్నకు సమాధానము లేదు. సాఫ్ట్‌వేర్ తనకు తోచిన సమాధానమును నిర్ణయించుకొనవలెను. ఈ యూహను మిక్కిలి నేర్పుతో చేయు ఉపకరణములలో పోట్రేస్ ఒకటి. పీటర్ సెలింగర్ అను గణితశాస్త్రజ్ఞుడు దానిని 2001లో వెలువరించి, అందఱకును ఉచితముగ నొసగెను. ఎవరైనను పైసా వెచ్చింపకుండ వాడుకొనదగిన ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ అను ఆజ్ఞ వెనుక పనిచేయునది యిదియే.

పాత అచ్చుపుస్తకపు అట్టపైనున్న ‘పాఠము’ అను మాటను స్కాన్ చేసి దీని కొప్పగించితిమనుకొందము. మొదట అది బూడిదవన్నె గళ్ళన్నిటిని తెలుపో నలుపో తేల్చివేయును. ఏ మేరకు మసకయైన గడి నలుపుగ నెంచబడవలెనో మనము చెప్పవచ్చును. ఈ మేరను తప్పుగ నుంచినచో సన్నని గీతలు తెగిపోవును, లేదా లావై యొండొంటి నంటుకొనును. పిదప నలుపు తెలుపుల సరిహద్దు వెంబడి అది నడచును. ఆ నడకలో ఒక చిక్కు కలదు. రెండు నల్లని గళ్ళు మూలలతో మాత్రమే తాకుచు, ఎదురు మూలల రెండు తెల్లని గళ్ళున్న చోట, కలిసినది నలుపా తెలుపా? పోట్రేస్ సాధారణముగ ఆ పరిసరమున ఏ వర్ణము తక్కువగ నున్నదో దానినే కలుపును. సన్నని గీత తెగిపోకుండుటకు ఇది మంచి ఉపాయమే. కాని తెలుగు అక్షరమునకును దాని క్రింది వత్తునకును నడుమ సన్నని తెల్లని సందు మాత్రమే యున్నచోట, ఆ పరిసరమున నలుపే తక్కువైనచో, వత్తు పోయి యక్షరమున కంటుకొనును. అట్టి యక్షరములు బోర్డులపై నేడు తఱచుగ కనబడుచున్నవి.

సరిహద్దు తేలిన పిమ్మట, మెట్లనుండి అర్ధ పిక్సెల్‌కు మించి తొలగకుండ, సాధ్యమైనంత తక్కువ భుజములు గల బహుభుజిని అది కనుగొనును. ఆపై ఒక్కొక్క కోణమును పరీక్షించి, ఇది మూలగ నిలువవలెనా, వంపుగ కరగవలెనా యని తీర్పు చెప్పును. ఈ తీర్పునకు ఆధారమైన సంఖ్య ఇంక్‌స్కేప్‌లో 0 నుండి 1.34 వఱకు నుండును. సున్న యుంచినచో అన్నియు మూలలే. గుండ్రని మన యక్షరములు పలకలు దేఱును. చివరి సంఖ్య యుంచినచో మూల యనునదే మిగులదు. తలకట్టు కొనలు సబ్బుబిళ్ళవలె అరిగిపోవును. ఒకే యక్షరములో నిండు గుండ్రమును కొనదేఱిన తలకట్టును కలిసియుండు లిపి మనది గావున, ఈ సంఖ్యను తెలుగువాడు మిగిలినవారికంటె శ్రద్ధతో నిర్ణయించుకొనవలెను.

అన్నిటికంటె అపాయకరమైనది మఱొకటి కలదు. కాగితముపై ధూళి, సిరామరకలు స్కాన్‌లో చిన్న చిన్న చుక్కలుగ పడును. వానిని తొలగించుటకు స్పెకల్స్ అను ఏర్పాటున్నది. ఇన్ని పిక్సెళ్ళకు మించని మచ్చలను విడిచిపెట్టుమని మనము చెప్పినచో, అది తు.చ. తప్పక పాటించును. ఇపుడు ఠకారమును చూడుడు. వలయము, తలకట్టు, వలయగర్భమున ఒక చుక్క. ఆ చుక్క అరమిల్లీమీటరు వెడల్పున్నచో, అంగుళమునకు 300 చుక్కల స్కాన్‌లో దాని వైశాల్యము 27 పిక్సెళ్ళ ప్రాంతము. ధూళి పోవలెనని 30 అని యుంచినచో ధూళితోపాటు చుక్కయు పోయి, ‘పాఠము’ ‘పారము’ అగును. థకారము ధకారమై, ‘కథ’ ‘కధ’ యగును. యంత్రమునకు అది మచ్చ, మనకు అక్షరము. వైశాల్యమును కొలుచుట దానికి వచ్చును, అర్థమును చదువుట రాదు. అందుచే స్కాన్‌ను 600 చుక్కలకు పెంచవలెను. అపుడా చుక్క 100 పిక్సెళ్ళు దాటి, ధూళికిని దానికిని నడుమ చాలినంత యెడము కలుగును.

జేపెగ్ రూపమున వచ్చిన బొమ్మలతో వేఱొక బెడద. ఆ రూపము బొమ్మను 8 గళ్ళు వెడల్పు, 8 గళ్ళు ఎత్తు గల తునకలుగ కోసి కుదించును గావున, అక్షరపు టంచుల చుట్టును దోమలగుంపువంటి మరకలు ముసరును. ఫోనునుండి ఫోనుకు చేతులు మాఱినకొలది అవి హెచ్చును. రంగుబొమ్మయైనచో ఈ మరకలకు ఒక్కొక్క దానికి వేర్వేఱు ఆకృతి యేర్పడి, మూడు రంగుల చిహ్నము వందలకొలది తునియలుగ బయటపడును. ముందే రంగులను మూడింటికో నాల్గింటికో తగ్గించి, పిదప ట్రేస్ చేయుట మేలు. ఛాయాచిత్రములను మాత్రము ట్రేస్ చేయకుండుటయే యుత్తమము. ముఖముపైని నీడల మెత్తదనము గీతలకు లొంగదు.

చేతివ్రాతను ట్రేస్ చేయువారు మఱొక సంగతి గమనింపవలెను. కలముతో లాగిన ఒక్క గీతకు పోట్రేస్ రెండు అంచులను గీయును. చెక్కు యంత్రము ఆ రెండంచులను అనుసరించి ఒక గీతనే రెండుమాఱులు చెక్కును. అట్టి పనికి గీత నడిబొడ్డును పట్టుకొను సెంటర్‌లైన్ ట్రేసింగు ఇంక్‌స్కేప్ 1.0 నుండి లభించుచున్నది. ఇక గిడుగు, గురజాడ, సూరన్న మున్నగు ఫాంటులను సిలికానాంధ్ర సంస్థ ఉచితముగ నిచ్చియుండగా, వానిలోని మాటనే ఫోటోదీసి ట్రేస్ చేయుట వృథాశ్రమ. ఫాంటులోని యక్షరమే వక్రములతో కూర్పబడినది గావున, దానిని టైపు చేసినచో సరిపోవును.

వెక్టర్ ఫైలునకు సొమ్ము చెల్లించువారు ఇంకొక మోసమును కనిపెట్టవలెను. పిక్సెల్ బొమ్మను యథాతథముగ ఎస్.వి.జి.లోనో పి.డి.ఎఫ్.లోనో దూర్చి, ఫైలు పేరు మార్చి యిచ్చుట కద్దు. అవుట్‌లైన్ చూపులో తెఱచినపుడు నిజమైన వెక్టర్ గీతలై కనబడును. దూర్చిన బొమ్మ ఒక్క చతురస్రమో దీర్ఘచతురస్రమోయై మిగులును. మఱియు, ఇతరుల చిత్రమును గీతలలోనికి మార్చినంతమాత్రమున దానిపై మనకు హక్కు రాదు. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము దానికిని వర్తించును.

ట్రేస్ ముగిసిన తరువాత, మూలచిత్రమును అడుగు పొరలో సగము పారదర్శకముగ నుంచి, గీతల చిత్రమును దానిపై నిలిపి, పెద్దదిగ జేసి చూడవలెను. ప్రతి ఠకారథకారముల చుక్కయు, ప్రతి వత్తు నడుమ సందును, ప్రతి తలకట్టు కొనయు సరిగ నున్నవో లేవో చూచుకొని, వంపున అనవసరముగ క్రిక్కిఱిసిన నోడ్‌లను తొలగించి, వలయమునకు పైనను క్రిందను కుడియెడమలను ఒక్కొక్కటి మాత్రమే మిగులునట్లు చేతితో సవరింపవలెను. అటుపిమ్మటనే ఫైలును కత్తికిగాని అచ్చునకుగాని పంపదగును. మూలపు స్కాన్‌ను పారవేయరాదు. మన సవరణలో పొరపాటు దొరలినను, రేపు ఇంతకంటె నేర్పైన ఉపకరణము వచ్చినను, మూలము దక్కియున్నచో ఆ పనిని మఱియొకరు మొదటినుండి చేయగలరు.