పుండును శుభ్రపరచు పురుగులు

పశువుల పుండ్లలో పురుగులు పడుట పల్లెలలో అందరు ఎరిగినదే. రైతు సీతాఫలపు ఆకు నూరి కట్టి వాటిని పోగొట్టజూచును. అట్టిచో, వైద్యుడే కోరి రోగి పుండులో పురుగులను వదలుననగా వినుటకే జుగుప్స కలుగును.

1917లో ఫ్రాన్సు యుద్ధరంగమున విలియం బేర్ అను అమెరికను శస్త్రవైద్యుని కడకు ఇద్దరు సైనికులను తెచ్చిరి. తొడయెముకలు విరిగి, కడుపుపై పెద్ద గాయములతో వారు ఏడు దినములు అన్నపానములు లేక పడియుండిరి. బట్టలు తొలగింపగా గాయముల నిండ వేలకొలది పురుగులు! అయినను జ్వరము లేదు. పురుగులను కడిగివేయగా, చీమునకు మారుగా క్రొత్తగా పెరుగుచున్న గులాబివన్నె కండ కనబడెను.

బేర్ దీనిని మరువలేదు. పదేండ్లు దాటిన పిమ్మట బాల్టిమోరులో, ఎముక కుళ్లి ఏండ్ల తరబడి మానని పుండ్లతో బాధపడు పిల్లలకు ఈ చికిత్స చేసెను. గుణము కనబడెను గాని కొందరికి ధనుర్వాతము సోకెను. పురుగు మేలు చేసినను దాని ఒంటినంటిన సూక్ష్మజీవులు కీడు చేయును గదా! అందుచే ఈగ గ్రుడ్లను మందుద్రవములలో కడిగి, సూక్ష్మజీవులు లేని పురుగులను పెంచు పద్ధతి వచ్చెను.

ఈ పురుగునకు పండ్లు లేవు. అది తన ఆహారమును నోట గాక వెలుపలనే జీర్ణము చేసికొనును. దాని రసములలోని ఎంజైములు చచ్చిన కండను కరగించును; ఆ ద్రవమును పురుగు పీల్చును. దానితో పోయిన సూక్ష్మజీవులు పెక్కు దాని ప్రేగులలో నశించును. బ్రదికియున్న కండ ఈ రసములకు అంతగా కరగదు.

అయితే అన్ని ఈగల పురుగులును ఇట్టివి కావు. చికిత్సకు వాడునది పచ్చగా మెరయు లుసీలియా సెరికాటా అను ఈగ సంతతి. మన దేశపు పశువుల పుండ్లలో పడు క్రిసోమియా బెజ్జియానా పురుగు బ్రదికియున్న కండనే తొలిచి తినును. కనుక రైతు భయము సరియైనదే.

చదరపు సెంటీమీటరునకు 5 నుండి 10 వరకు పురుగులనుంచి, గాలి చొరబడు సన్నని వలగుడ్డతో కప్పుదురు. రెండు మూడు దినములలో తీసివేయుదురు. అవి పుండులోనే సంతానము పెంచవా యని విద్యార్థులు అడుగుదురు. గ్రుడ్లు పెట్టునది రెక్కలు వచ్చిన ఈగయే గాని పురుగు కాదు.

1940 తరువాత పెన్సిలిన్ వంటి మందులు రాగా ఈ చికిత్స మూలబడెను. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు పెచ్చుపెరిగిన పిదప మరల వాడుకలోనికి వచ్చెను. 2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ దీనికి అనుమతి నిచ్చెను. 2009లో ప్రకటితమైన బ్రిటిషు పరిశోధనలో కాలిపుండ్లు గల 267 మందిని పరీక్షించిరి. పురుగులు చచ్చిన కండను త్వరగా తొలగించెను. కాని పుండు మానుటకు పట్టిన కాలము తగ్గలేదు, నొప్పియు హెచ్చెను.