ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ రౌటర్‌కు మోటార్లు, డ్రైవర్లు ఎంచుకోవడం

మన కాటన్‌పేట వెనుక సందులో ఒక చిన్న షెడ్డు ఉంది. అందులో తండ్రీ ఇద్దరు కొడుకులూ దేవుడి గది తలుపులు, మంటపాలు చేస్తారు. తండ్రి ఉలితో చెక్కే లతలు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయితే ఇప్పుడు వచ్చేవారు ఫోనులో జాలీ డిజైను చూపించి, ‘ఇది వారంలో కావాలి’ అంటున్నారు. ఆ జాలీని బయట మిషను ఉన్నవారి దగ్గర అడుగు లెక్కన కోయించుకొని తెచ్చేసరికి వీరికి కూలి కూడా మిగలడం లేదు. అందుకని పెద్దబ్బాయి రెండడుగులకు మూడడుగుల బల్లతో సొంతంగా సీఎన్‌సీ రౌటర్ కట్టుకుంటానని, సంఘం చేబదులు నిధి నుండి సాయం చేయమని మా దగ్గరకు వచ్చాడు.

కాగితం మీద జాబితా లేనిదే డబ్బు ఇవ్వకపోవడం మా పాత గుమాస్తా అలవాటు. జాబితా రాసుకు రమ్మన్నాము. తెచ్చాడు. నెమా 34 మోటార్లు మూడు, ఒక్కొక్కటి 87 కేజీ సెంటీమీటర్ల బలం. వాటికి టీబీ6600 డ్రైవర్లు మూడు. యంత్ర పరికరాల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మా సభ్యుడొకరు అది చూసి, ‘ఏనుగును కొని మేక పలుపుతో కట్టేస్తున్నావు నాయనా’ అన్నారు. ఆ తరువాత రెండు ఆదివారాలు కూర్చొని నేర్చుకున్న సంగతులనే ఇక్కడ రాస్తున్నాము. ఇలాంటి ఆలోచనలో ఉన్న మన కుర్రవాళ్లు ఇంకా ఉన్నారని మాకు తెలుసు.

ముందుగా ఆ నెమా అంకె గురించి. 17, 23, 34 అనేవి మోటారు బలాన్ని చెప్పవు, దాని ముఖం కొలతను చెబుతాయి. 23 అంటే ముఖం 2.3 అంగుళాలు, అంటే సుమారు 57 మిల్లీమీటర్లు. 34 అంటే 86 మిల్లీమీటర్లు. బలాన్ని వేరే చూడాలి. ఆ బలం కూడా మోటారు నిలబడి ఉన్నప్పుటిదే. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ మోటారు బలం తగ్గిపోతుంది. ఈ మాట అంగడివారు చెప్పరు, అడిగితే గ్రాఫు కాగితం ఇస్తారు.

మరి చెక్క కోయడానికి ఎంత బలం కావాలి? లెక్క వేసి చూద్దాం. 19 కేజీ సెంటీమీటర్ల నెమా 23 మోటారు నడకలో సగం బలమే ఇస్తుందనుకుందాం. దానికి చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగే బాల్ స్క్రూ బిగిస్తే, రాపిడి పోగా, సుమారు 100 కిలోల బరువు తోసినంత బలం వస్తుంది. చుట్టుకు 10 మిల్లీమీటర్ల స్క్రూ అయితే అందులో సగం. టేకు చెక్కలో 6 మిల్లీమీటర్ల కట్టర్ పొరలు పొరలుగా తీయడానికి ఇది చాలదా? మిగులుతుంది కూడా. పెద్ద మోటారు తెచ్చుకుంటే దాని లోపలి రోటరు బరువే ఎక్కువ, కదిలి ఆగడానికి ఆలస్యం. జాలీ పని అంటే నిమిషానికి వందసార్లు దిశ మారడమే కదా.

ఇక డ్రైవర్. మోటారు చుట్టలో కరెంటు వెంటనే ఎక్కదు, ఇండక్టెన్స్ అడ్డుపడుతుంది. వోల్టేజి ఎక్కువైతే కరెంటు త్వరగా ఎక్కుతుంది, వేగంలో బలం నిలుస్తుంది. దీనికొక మోటు సూత్రం ఉంది. ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీలలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే ఆ మోటారుకు పెట్టదగ్గ గరిష్ఠ వోల్టేజి వస్తుంది. 2.5 మిల్లీహెన్రీలకు సుమారు 50 వోల్టులు. 87 కేజీల పెద్ద మోటార్లకు వోల్టేజీ, కరెంటూ రెండూ ఎక్కువ కావాలి. టీబీ6600కు 42 వోల్టులే హద్దు. పైగా పెట్టె మీద 4 ఆంపియర్లు అని ఉన్నా లోపలి చిప్ వేరేదై ఉండే సరుకు కూడా తిరుగుతోంది.

అబ్బాయి జాబితాను ఇలా మార్చాము: 2.8 ఆంపియర్ల నెమా 23 మోటార్లు మూడు, డీఎమ్542 తరగతి డ్రైవర్లు మూడు, 36 వోల్టుల 350 వాట్ల సప్లై. ఈ డ్రైవర్ 20 నుండి 50 వోల్టుల వరకు తట్టుకుంటుంది. అయితే 48 ఎందుకు పెట్టలేదని అడగవచ్చు. మోటారు గబాలున ఆగినప్పుడు అదే కాసేపు జనరేటరులా వోల్టేజిని వెనక్కి తోస్తుంది. 48కి, 50కి మధ్య ఆ తోపుకు చోటు లేదు. ఇంకొకటి, డ్రైవర్ మీద 4.2 ఆంపియర్లు అని రాసింది శిఖర విలువ. నిజంగా లెక్కకు వచ్చేది సుమారు 3. మోటారు లేబులు మీద ఉండేది సాధారణంగా ఈ రెండవ లెక్క. రెండిటినీ కలిపి చూసి చాలామంది పొరపడతారు.

స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్‌లో 8 మైక్రోస్టెప్పులు పెడితే 1600 పల్సులు. 5 మిల్లీమీటర్ల స్క్రూతో మిల్లీమీటరుకు 320 పల్సులు. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగానికి సెకనుకు 16 వేల పల్సులు కావాలి. ఆర్డునో యూనోలో నడిచే జీఆర్‌బీఎల్ 30 వేల వరకు ఇవ్వగలదు. కాబట్టి ఖరీదైన కంట్రోలరు అక్కర్లేదు. మైక్రోస్టెప్పులు 32 పెడితే పని ఇంకా నున్నగా వస్తుందని ఎవరో చెప్పారట. అప్పుడు అదే వేగానికి 64 వేల పల్సులు కావాలి. ఆ బోర్డు ఇవ్వలేదు.

ఎన్‌కోడరు ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు మంచివే. అడుగు తప్పితే అవి సరిదిద్దుకుంటాయి, వల్ల కాకపోతే అలారం ఇచ్చి ఆగుతాయి. మామూలు స్టెప్పర్ అడుగు తప్పినా ఏమీ ఎరగనట్టు నడిచి, ఖరీదైన టేకు పలకను పాడు చేస్తుంది. డబ్బుంటే అవే తీసుకోండి. ఈ అబ్బాయికి చేబదులు పరిమితం. నెమ్మదిగా నడపమన్నాము.

స్పిండిల్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. 24,000 తిరుగుళ్ల స్పిండిల్ 400 హెర్ట్జ్‌ది. వీఎఫ్‌డీ పెట్టెలో బేస్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గరే ఉండిపోతే, స్పిండిల్ మెల్లగా తిరుగుతున్నప్పుడే పూర్తి వోల్టేజి పడి కాలిపోతుంది. మొదటిసారి ఆన్ చేసే ముందే ఆ అంకె మార్చాలి. వీఎఫ్‌డీ నుండి స్పిండిల్‌కు షీల్డు తీగ వాడి, షీల్డును ఎర్త్‌కు కలపాలి. లేకపోతే ఆ గోలకు లిమిట్ స్విచ్చులు దొంగ సంకేతాలు ఇస్తాయి. షెడ్డులో ఎర్త్ సరిగా లేకపోతే ముందు దాన్ని చేయించుకోండి, మోటార్ల సంగతి తరువాత.

ఇక మా తప్పు కూడా చెప్పాలి. అన్నీ బిగించి చూస్తున్న రోజున పైకీ కిందికీ నడిచే ఇరుసు మోటారు తీగ వదులుగా ఉందని, కరెంటు ఉండగానే మేమే దాన్ని లాగి మళ్లీ గుచ్చాము. టప్ మని చిన్న శబ్దం వచ్చింది, డ్రైవర్ పోయింది. మోటారు తీగను కరెంటు ఉండగా తీయకూడదని ప్రతి డ్రైవర్ కాగితంలోనూ ఉంటుంది. చదవమని ఆ పిల్లవాడికి చెప్పింది కూడా మేమే. ఆ డ్రైవర్ ఖర్చు సంఘం లెక్కలో రాయలేదు, మా జేబు నుండి పోయింది.

మిషను ఇప్పుడు నడుస్తోంది. కోసిన జాలీల అంచులను తండ్రి ఉలితో సరిచేస్తాడు. మొదటి వాయిదా కట్టారు. ఇలా కట్టుకోదలచినవారు ఎస్‌పీ రోడ్డుకు వెళ్లే ముందు మోటారు, డ్రైవర్ కాగితాలు తీసుకొని ఆదివారం సాయంత్రం సంఘం గదికి రండి. ఆ రిటైరైన పెద్దాయన ఐదు గంటలకు వస్తారు. ఆయనకు చెవి కాస్త మందం, గట్టిగా మాట్లాడాలి.