సౌర విద్యుత్తు కోత - భూమిని లీజుకిచ్చే రైతులు గమనించవలసిన నిబంధనలు

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని అనంతసాగరం మండలంలో పెన్నా నదిపై సోమశిల జలాశయం ఉన్నది. అయినప్పటికీ ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలోని మెట్ట పొలాలు అనేకం నేటికీ వర్షంపైనా, బోరుబావులపైనా ఆధారపడి ఉన్నాయి. ఇటువంటి బీడు, మెట్ట భూములపై సౌర విద్యుత్తు ద్వారా ఆదాయం పొందే అవకాశాన్ని 2019లో ప్రారంభమైన పీఎం కుసుమ్ పథకం కల్పించింది. దీని 'ఎ' విభాగం క్రింద 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల సామర్థ్యం గల కేంద్రాలను నెలకొల్పవచ్చును. మెగావాటుకు సుమారు 5 ఎకరాలు అవసరం. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉన్న భూములకు ప్రాధాన్యం ఉంటుంది.

లీజు పద్ధతులు

రైతు స్వయంగా కేంద్రాన్ని నెలకొల్పవచ్చును లేదా భూమిని లీజుకు ఇవ్వవచ్చును. లీజు మొత్తాన్ని ఎకరాకు ఏడాదికి ఇంత అని గాని, ఉత్పత్తి అయిన యూనిట్‌కు ఇంత అని గాని నిర్ణయించుకోవచ్చును. రెండవ పద్ధతిలో ఉత్పత్తి తగ్గితే రైతు ఆదాయమూ తగ్గుతుంది. ఎండ సమృద్ధిగా ఉన్నను గ్రిడ్ విద్యుత్తును తీసుకొనకపోవడం ఈ తగ్గుదలకు ఒక కారణం. దీనినే ఉత్పత్తి కోత (కర్టైల్‌మెంట్) అంటారు.

కోత ఎందుకు విధిస్తారు?

గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కు చేరువగా ఉండవలెను. వినియోగం కంటే ఉత్పత్తి ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మోయగల భారానికి కూడా పరిమితి ఉన్నది. ఈ పరిస్థితులలో లోడ్ డిస్పాచ్ కేంద్రం ఉత్పత్తిని తగ్గించమని ఆదేశిస్తుంది. స్థానిక ఫీడర్‌లో సరఫరా నిలిచినను, దానికి అనుసంధానమైన ఇన్వర్టర్లు భద్రత కొరకు తమంతట తాము ఆగిపోతాయి. అందువలననే కుసుమ్ మార్గదర్శకాలు ఈ కేంద్రాలకు 'మస్ట్ రన్' హోదా కల్పించి, ఎండ ఉన్న వేళలలో ఫీడర్లను నడుపుచూ ఉండవలెనని డిస్కంలకు సూచించాయి.

చట్టం ఏమి చెబుతున్నది?

2021 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం, చౌక విద్యుత్తు వేరొకచోట లభిస్తున్నదన్న వాణిజ్య కారణంతో మస్ట్ రన్ కేంద్రాలకు కోత విధించరాదు. సాంకేతిక అవరోధం లేదా గ్రిడ్ భద్రత కొరకు మాత్రమే విధించవచ్చును. కోత విధించినచో కొనుగోలుదారు ఒప్పందంలోని ధర ప్రకారం పరిహారం చెల్లించవలెను.

ఒప్పందం ఎంత కీలకమో మన రాష్ట్ర అనుభవమే తెలుపుతున్నది. పవన, సౌర విద్యుత్తు ధరలను తిరిగి చర్చించుటకు 2019 జులై 1న రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేయగా ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించారు. అదే ఏడాది సెప్టెంబరులో తాత్కాలిక ధరలుగా పవన విద్యుత్తుకు యూనిట్‌కు రూ. 2.43, సౌర విద్యుత్తుకు రూ. 2.44 నిర్ణయమయ్యాయి. ఒప్పంద ధరలనే చెల్లించవలెనని ధర్మాసనం 2022 మార్చి 15న తీర్పునిచ్చింది. ఆ మధ్యకాలమంతా ఉత్పత్తిదారులకు పూర్తి ధర అందలేదు.

లీజుకు ముందు జాగ్రత్తలు

- కోతకు పరిహారం ఉత్పత్తిదారునికి చెందుతుంది. భూయజమానికి అందులో వాటా కావలెనన్న లీజు పత్రంలో స్పష్టంగా వ్రాయించుకొనవలెను.
- యూనిట్ పద్ధతిని ఎంచుకొన్నచో ఎకరాకు కనీస వార్షిక మొత్తాన్ని కూడా చేర్చుకొనవలెను.
- సబ్‌స్టేషన్‌లో మిగిలిన సామర్థ్యాన్ని, ఫీడర్ పగటి సరఫరా తీరును డిస్కం కార్యాలయంలో విచారించవలెను.
- విద్యుత్ కొనుగోలు ఒప్పందం 25 ఏళ్లు ఉంటుంది కనుక లీజు గడువును, మొత్తం పెంపుదలను ముందే నిర్ణయించుకొనవలెను.

ఎండ నిలకడగా ఉన్నను ఆదాయం నిలకడగా ఉండుటకు ఈ పత్రాలే ఆధారం.