మోత ఎక్కువైతే వినేదెవరు?

పెళ్లింట్లో నాలుగు కుక్కర్లు ఒకేసారి పెడితే ఏ విజిల్ పప్పుదో, ఏది అన్నానిదో లెక్క తప్పుతుంది. కాసేపటికి పట్టించుకోవడమే మానేస్తాం. వంట మాడితే మళ్లీ వండుకోవచ్చు. ఆస్పత్రిలో అయితే?

మన ఆర్మూరులో ఇంట్లో పెద్దవాళ్లకు గుండెనొప్పో, ఆయాసమో వచ్చి పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో తీసుకుపోతాం. అక్కడ మంచం పక్కన చిన్న టీవీలాంటి మానిటర్ ఉంటుంది. గుండె వేగం, బీపీ, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ అందులో కనిపిస్తాయి. కరోనా రోజుల్లో మనం వేలికి పెట్టుకున్న ఆక్సీమీటరు దీనికి చెల్లెలనుకోండి. పెట్టిన హద్దు దాటగానే మానిటర్ మోగుతుంది. ఎర్ర దీపం మెరిస్తే పరుగున రావాలని, పసుపు దీపం మెరిస్తే త్వరగా వచ్చి చూడాలని అర్థం.

చిక్కంతా ఈ మోతలు మరీ ఎక్కువ కావడమే. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పెద్దాసుపత్రి ఐసీయూల్లో 31 రోజులు లెక్కపెట్టి, 2014లో ప్రచురించారు. ఒక్కో మంచానికి రోజుకు 187 సార్లు మోత! గుండె లయ తప్పిందన్న అలారాలు 12,671 పరిశీలిస్తే దాదాపు 89 శాతం ఉత్తవే. రోగి కదిలినా, క్లిప్పు జారినా మోగుతుంది మరి. ఇన్ని విన్న నర్సమ్మ చెవికి అసలైన మోత కూడా మామూలుగానే అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

దీనికోసమే ఇంజనీర్లు మానిటర్‌కు తగిలించే చిన్న పెట్టెల్లాంటివి తయారుచేస్తున్నారు. మానిటర్ వెనక సాకెట్ నుంచి అంకెలు తీసుకుని, నర్సుల గదిలోని తెరకో, ఫోనుకో పంపుతాయి. కంపెనీ కంపెనీకి మానిటర్ భాష వేరు కాబట్టి, ముందు వాటిని ఒకే భాషలోకి మార్చాలి. ఆక్సిజన్ క్షణం తగ్గి మళ్లీ పెరిగితే ఊరుకుని, తగ్గే ఉంటే పిలవాలి. మొదటి నర్సు అందుకోకపోతే రెండో ఆమెకు వెళ్లాలి. ముఖ్యమైనదేమిటంటే, వైరు ఊడినా, నెట్‌వర్క్ పోయినా ఆ సంగతీ చెప్పాలి. మంచం దగ్గరి మోత మాత్రం ఆగకూడదు.

పెట్టె పెడితే సరిపోదు, హద్దులు కూడా రోగికి తగ్గట్టు ఉండాలి. బోస్టన్ మెడికల్ సెంటర్‌లో ఒక గుండె వార్డులో హద్దులు సరిచేసి, అక్కర్లేని మోతలు తీసేస్తే, వారానికి 87,823 ఉన్నవి 9,967కు దిగాయి.

మనవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు మనమూ కొన్ని గుర్తుంచుకోవాలి. మోత చికాకు పుట్టిస్తోందని మనమే బటన్ నొక్కి ఆపకూడదు. వెంటనే సిస్టర్‌ను పిలవాలి. రోగి గోళ్లరంగు ముందే తుడిచేయాలి, చేతులు వెచ్చగా ఉంచాలి. లేకపోతే ఆక్సిజన్ లెక్క తప్పు చూపించవచ్చు. “రాత్రిపూట ఈ అలారం ఎవరికి వినపడుతుందమ్మా?” అని ఒక్కమాట అడగండి. అడగడంలో తప్పేం లేదు.