మృదుజల మహిమ

జపానువారు వరిబియ్యమునుండి సాకే అను పానీయమును సిద్ధపఱతురు. ద్రాక్షాసవమువలె ఇది పండ్లరసమునుండి పుట్టినది కాదు. సారాయివలె బట్టీపెట్టి దింపినదియు కాదు. ఆవిరిపై ఉడికించిన బియ్యముమీద కోజి అను ఒకవిధమైన బూజును పెంచుదురు. అది బియ్యములోని పిండిపదార్థమును చక్కెరగా మార్చును. ఆ చక్కెరను ఈస్టు మద్యముగా మార్చును. ఈ రెండు పనులును ఒకే తొట్టిలో ఏకకాలమున జరుగుటయే ఇందలి విశేషము.

సాకేను పరీక్షించుటకు ప్రత్యేకముగా ఒక తెల్లని పింగాణిగిన్నె కలదు. దాని అడుగున రెండు నీలివలయము లుండును. వలయముల అంచులు స్పష్టముగా కనబడినచో పానీయము తేటగా నున్నట్లు గుర్తు. తెలుపుపై దాని వన్నె తెలియును. పిదప వాసన చూచి, కొద్దిగా పుచ్చుకొని నాలుకపై త్రిప్పి, ముక్కుతో ఊపిరి విడుతురు. పరీక్షకులు మ్రింగక ఉమిసివేయుదురు. విందులలో మాత్రము దీనిని చల్లగానో, గోరువెచ్చగానో, చిన్నగిన్నెలతో మెల్లమెల్లగా సేవింతురు.

సాకేలో నూటికి 80 పాళ్లు నీరే. కావున ఊరి నీరెట్టిదో సాకే రుచియు అట్టిదే. కోబే నగరప్రాంతమందలి నాదా నీరు కఠినజలము. అందలి లవణములు ఈస్టుకు బలమునిచ్చును. సాకే చురుకుగా పొంగి, ఘాటుగా తయారగును. హిరోషిమా మండలమున సముద్రతీరమందున్న అకిత్సు నీరన్ననో మృదుజలము. ఆ నీటితో మంచి సాకే కాదని పూర్వు లనుకొనెడివారు.

అకిత్సువాసియైన మియురా సెన్‌జబురో 1876లో ఈ వృత్తిలో ప్రవేశించెను. ఏటేట తొట్లలోని సాకే చెడిపోయెను. పెట్టిన ధనము నీటిపాలయ్యెను. నాదా పద్ధతులను నేర్చివచ్చినను ఫలము లేకపోయెను. తప్పు పనితనమునందు కాదు, నీటి భేదమునం దున్నదని ఆయన తుదకు గ్రహించెను. నీటిని మార్చుట తన చేతిలో లేదు. పద్ధతిని మార్చుట కలదు. కోజిని బియ్యపుగింజ నడిమివఱకు దిగునట్లు పెంచి, తొట్టిని చల్లగా నుంచి, పులియుట నిదానముగా సాగునట్లు చేసెను. “నూఱు ప్రయోగములు, వేయి సవరణలు” అన్నది ఆయన సూత్రము.

ఇంత కష్టించి సాధించిన రహస్యమును మియురా దాచుకొనలేదు. 1898లో గ్రంథముగా ప్రకటించి, తోడి వృత్తివారికి నేర్పెను. 1907లో జపాను దేశమంతటికిని జరిగిన మొదటి సాకేపోటీలో హిరోషిమా సాకేలు అగ్రస్థానముల నందెను. మరుసటి సంవత్సరమే మియురా కన్నుమూసెను. చల్లగా, నిదానముగా పులియబెట్టు ఆ పద్ధతియే, పండ్ల పరిమళము వెదజల్లు “గింజో” అను మేలిరకపు సాకేకు దారితీసెను.

1868లో అకిత్సున స్థాపితమైన ఇమదా కర్మశాల నేటికిని నడచుచున్నది. సాకే కర్మశాలలో స్త్రీలు అడుగిడరాదను ఆచారము చిరకాలము నడచిన దేశమున, అచ్చట ప్రధాననిర్మాతగా పేరొందినది ఇమదా మిహో అను స్త్రీ. సాగు తప్పిపోయిన “హత్తన్‌సో” అను ప్రాత వరివంగడమును ఆమె మరల పండింపజేసి, దానితో సాకే చేయించెను. 2020లో బి.బి.సి. ప్రకటించిన నూర్గురు మహిళల పట్టికలో ఆమె పేరు చేరినది.

అకిత్సు సాకేను నాలుకపై నుంచుకొన్నవారికి మొదట తోచునది ఘాటు కాదు, మెత్తదనము. అది ఒకప్పుడు పనికిరాదనిపించుకొన్న ఆ నీటిదే.