తాళము బలమెంత?

రామన్నపేటలోని ఇంటికైనను, హైదరాబాదులోని దుకాణమునకైనను మనము తాళంకప్ప వేసి, ఒకసారి లాగి చూచి, నిశ్చింతగా పోవుదుము. లాగి చూచినంతనే తాళము బలము తెలియదు. లండనులో దశాబ్దములుగా దుకాణపు కిటికీలో సవాలుగా నిలిచిన బ్రామా తాళమును 1851లో హాబ్స్ అను అమెరికావాసి 51 గంటలు శ్రమించి, తాళంచెవి లేకయే తెరచెను.

నేడును కొందరు వినోదార్థము, ఇంట చేసికొన్న పనిముట్లతో, తమ సొంత తాళములనే ఇట్లు పరీక్షింతురు. వారి పరీక్షలలో తేలినదేమి? నొక్కగానే పడు చౌక తాళములు పెక్కింటిలో కొక్కెమును పట్టియుంచునది స్ప్రింగు గడియ మాత్రమే. పలుచని రేకు ఆ గడియను వెనుకకు నెట్టగలదు. చెవి త్రిప్పిననే పడు తాళమునకు ఈ లోపము లేదు.

కావున శ్రోతలకు మేము చెప్పునది ఇది: కొనునపుడు దుకాణములోనే నొక్కి చూడుడు. చెవి లేకయే పడిన చౌక తాళము పెట్టెకు చాలును. వీధి తలుపునకు చాలదు.