లప్పం కింద వేలియంట్

పూర్తిగా బాగుచేసిన పాత అమెరికన్ కారు అమ్మకానికి ఉందంటే కొనేవాళ్ల కన్ను మొదట రంగు మీద పడుతుంది. తర్వాత బానెట్ ఎత్తించి ఇంజిను మోత వింటారు. నేల కింద ఏముందో చూసేవాళ్లు తక్కువ. వాడరేవు నుంచి ఉప్పుగాలి వీచే చీరాలలో ఈ వరుసను తలకిందులు చేయాలి. అడుగు ముందు, ఇంజిను తర్వాత, రంగు చిట్టచివర. ఎందుకో తెలియాలంటే ఈ జాతి కార్లు పుట్టిన తీరు చూడాలి.

1950ల చివర్లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి దిగుమతి కార్లకు అమెరికాలో గిరాకీ పెరిగింది. డెట్రాయిట్ పెద్ద కంపెనీలు మూడూ 1960 మోడళ్లుగా చిన్న కార్లు దింపాయి: షెవర్లే కోర్వెయిర్, ఫోర్డ్ ఫాల్కన్, క్రిస్లర్ వేలియంట్. చిన్నవంటే వాళ్ల లెక్కలోనే. వేలియంట్ పొడవు సుమారు 4.67 మీటర్లు, మన అంబాసిడర్‌ను మించిపోతుంది! దీని ఆరు సిలిండర్ల ఇంజినును 30 డిగ్రీలు పక్కకు వాల్చి కూర్చోబెట్టారు. దాంతో బానెట్ ఎత్తు తగ్గింది, గాలి లోపలికి వెళ్లే గొట్టాలు పొడుగ్గా సాగడానికి చోటు దొరికింది. 2.8 లీటర్లకు 101 హార్స్‌పవర్. డైనమో బదులు ఆల్టర్నేటర్ పెట్టారు. ఆ వాలు ఇంజిను ఎంత మొండిదంటే క్రిస్లర్ కార్లలో 1983 దాకా కొనసాగింది.

అసలు కీలకం మరోచోట ఉంది. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ లేదు. నేల, తలుపుల కింది పెట్టెల్లాంటి అంచులు, పైకప్పు కలిసి ఒకే గూడుగా బరువు మోస్తాయి. ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు కాక పొడవాటి టార్షన్ కడ్డీలు ఉంటాయి. అవి మెలి తిరిగి కుదుపును మింగుతాయి. వాటి వెనక కొసలు నేల కింది అడ్డదూలంలో బిగించి ఉంటాయి. ఆ దూలం తుప్పు పట్టిందంటే కడ్డీకి పట్టు పోతుంది, బండి ఒకవైపుకు కుంగుతుంది. ఉప్పు చేసే పని ఇక్కడే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనే నీటిని లాక్కుని ఇనుము మీద చెమ్మపొరగా మారుతుంది. వాన పడకపోయినా మూసి ఉన్న అంచుల్లో తుప్పు లోపలి నుంచి నడుస్తూనే ఉంటుంది. బయట లప్పం పట్టించి, రుద్ది, రంగు కొడితే పడుగు చివికిన చీరకు గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టే.

ఇంజినే కారుకు గుండె కదా, విడిభాగాలు దొరకని చోట దాన్నే ముందు చూడాలి కదా అంటారు. నిజమే కానీ ఈ ఇంజిను సాదాసీదాది, పోత ఇనుము దిమ్మె, ఒకే కార్బురేటర్. మెషిన్ షాపులో బోరు చేయించి, వాల్వ్ సీట్లు రుద్దించి నిలబెట్టవచ్చు. గూడు నిండా పాకిన తుప్పుకు అంత సులువైన మందు లేదు. చిల్లు మీద రేకు ముక్క అతికిస్తే కంటికి మూతపడుతుంది, బరువు మాత్రం మోయదు. కుళ్లిన భాగం గట్టి ఇనుము దాకా కోసి, అదే మందం రేకుతో వెల్డింగ్ చేయాలి.

మరి మన షెడ్లలో ఎప్పటినుంచో చేస్తున్నట్టు మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజిను ఎక్కించేస్తే? రోజూ తిప్పే బండికి అది తెలివైన పనే, తప్పు పట్టను. పాతకారుగా అమ్మేటప్పుడు మాత్రం చెల్లదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు కావాలంటే బండి మొదటి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు. రోజువారీ ప్రయాణాలకు వాడరాదు.

కాబట్టి బేరానికి ముందు గుడ్డ చుట్టిన అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లాలి. తలుపుల కింది అంచుల మీద ఆనిస్తే లప్పం మందంగా ఉన్నచోట అది అంటుకోదు. తర్వాత కార్పెట్ లేపించి, బండిని జాకీ మీద కాక పిట్ మీద నిలబెట్టించి, టార్షన్ కడ్డీల వెనక కొసల దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే ఇంజిను స్టార్ట్ చేయించే శ్రమ అక్కర్లేదు.